జాగ్రత్త: తెలుగులో ఫ్రెంచ్ నేర్పే కోర్సు కొనే ముందు 'కోండిసియోనెల్ పాసే' పాఠం చూపించమని అడగండి

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం టీసీఎఫ్ కెనడా, టీఈఎఫ్ కెనడా అనే ఫ్రెంచ్ పరీక్షల్లో ఏదో ఒకటి రాయాలనుకుని, తెలుగులో చెప్పే ఫ్రెంచ్ పాఠాల కోసం వెతుకుతున్న వారందరికీ ఈ హెచ్చరిక. పీఆర్‌కు మనుషులను ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవారికి విడిగా డ్రాలు (ఎంపిక విడతలు) తీస్తున్నారు. ఆ వరుసలో నిలబడాలంటే వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ 7, అంటే కెనడా వాడే ఫ్రెంచ్ కొలమానంలో ఏడో స్థాయి, రావాలి. అందువల్ల మనవారిలో ఫ్రెంచ్‌కు గిరాకీ పెరిగింది, దాని వెంటే వాట్సాప్ గ్రూపుల్లో కోర్సులు అమ్మేవారూ పెరిగారు. అలాంటి ఒక కోర్సును నేను 7,500 రూపాయలు పెట్టి కొని మోసపోయాను. పేరు రాయడం లేదు. ఆ సరుకు రేపు మరో పేరుతో మీ ముందుకు రావచ్చు కనుక, దాని లక్షణాలు తెలిసి ఉండడమే మీకు ఎక్కువ ఉపయోగం.

న్యాయంగా చెప్పాలంటే మొదటి పాఠాలు బాగానే ఉన్నాయి. వర్తమాన కాలం, సంఖ్యలు, జరిగిపోయిన పనిని చెప్పే పాసే కోంపోజే వరకు చెప్పిన ఆమెకు భాష వచ్చు, చెప్పే ఓపికా ఉంది. ఉచితంగా చూపించే నమూనా వీడియోలన్నీ ఆ భాగంలోవే. చిక్కు ఏమిటంటే పాఠాలు వారానికి ఒకటి చొప్పున మాత్రమే తెరుచుకుంటాయి, డబ్బు వాపసు గడువు మాత్రం కొన్న రోజు నుంచి పది రోజులే. నేను హెచ్చరిస్తున్న కోండిసియోనెల్ పాసే పాఠం తొమ్మిదో వారంలో తెరుచుకుంది. అక్కడికి వచ్చేసరికి గొంతు మారింది, రాతా మారింది. చివరి అధ్యాయాలను భాష తెలిసినవారు రాయలేదనీ, తెలుగు వాక్యాలను యంత్రానికి అప్పగించి వచ్చినదాన్ని వచ్చినట్టే వర్క్‌బుక్‌లో అతికించారనీ నా అనుమానం.

అసలు విషయానికి వస్తాను. జరగకుండా పోయిన పనిని తలచుకుని, ఫలానాది జరిగి ఉంటే ఇలా అయి ఉండేదని చెప్పడానికి ఫ్రెంచ్‌లో వాడే క్రియారూపం కోండిసియోనెల్ పాసే. దీని అమరిక కష్టమైనదేమీ కాదు. అవ్వార్ (కలిగి ఉండు) లేదా ఎత్ర్ (ఉండు) అనే సహాయక క్రియను కోండిసియోనెల్ ప్రెజాంలో, అంటే 'ఉండేదాన్ని' వంటి రూపంలో పెట్టి, దాని పక్కన అసలు క్రియకు చెందిన పార్తిసిప్ పాసేను, అంటే 'మాట్లాడి' వంటి రూపాన్ని చేర్చాలి. 'జొరే పార్లే' అంటే మాట్లాడి ఉండేదాన్ని, 'జె సెరే అలే' అంటే వెళ్ళి ఉండేదాన్ని. తెలుగులో 'మాట్లాడి' పక్కన 'ఉండు' వచ్చి చేరినట్టే అక్కడా రెండు ముక్కలు చేరతాయి కాబట్టి, సరిగా చెప్పేవారుంటే మనకు ఇది ఒక పూటలో పట్టుబడే పాఠం.

వర్క్‌బుక్‌లో ఈ పాఠానికి ఇచ్చిన మొదటి ఉదాహరణ 'నువ్వు ఫోన్ చేసి ఉంటే నేను వచ్చి ఉండేదాన్ని' అన్న వాక్యం. దానికి ఎదురుగా 'సి త్యు ఒరే అప్లే, జొరే వెన్యూ' అని అచ్చువేశారు. ఇంత చిన్న వాక్యంలో రెండు తప్పులున్నాయి, రెండూ పరీక్షలో మార్కులు పోగొట్టేవే. సరైన వాక్యం 'సి త్యు అవే అప్లే, జె సెరే వెన్యూ'.

మొదటి తప్పు మన భాషలోంచే పుడుతుంది, అందుకే తెలుగువారికి మరింత ప్రమాదకరం. మనకు 'చేసి ఉంటే', 'వచ్చి ఉండేదాన్ని' అని రెండు సగాల్లోనూ ఒకే 'ఉండు' కనిపిస్తుంది కనుక, ఫ్రెంచ్‌లోనూ రెండు వైపులా ఒకే రూపం ఉండాలని మనసు కోరుకుంటుంది. ఫ్రెంచ్ దానికి ఒప్పుకోదు. 'అయితే' అనే అర్థమిచ్చే 'సి' అనే మాట ఉన్న సగంలో 'అవే అప్లే' వంటి ప్లూ-కె-పార్ఫే అనే భూతకాల రూపం రావాలి, ఫలితం చెప్పే సగంలోనే కోండిసియోనెల్ రావాలి. అక్కడి బడిపిల్లలకు 'సి'లకు 'రే'లు (కోండిసియోనెల్ రూపాల చివర వినిపించే ధ్వని) గిట్టవని ఒక మాట నేర్పుతారు. ఆ ఒక్క మాట ఈ కోర్సులో చెప్పి ఉంటే నేను రెండు నెలలు తప్పుడు వాక్యాలు వల్లె వేసి ఉండేదాన్ని కాదు. పైగా రెండో సగంలో ఎప్పుడూ కోండిసియోనెల్ పాసేయే రావాలని వీరు పెట్టిన నియమం కూడా సరికాదు. 'అప్పుడే నేర్చుకుని ఉంటే ఇప్పుడు మాంట్రియల్‌లో ఉండేదాన్ని' అన్నట్టు ఫలితం ఈనాటిదైతే అక్కడ కోండిసియోనెల్ ప్రెజాం సరిపోతుంది.

రెండో తప్పు సహాయక క్రియది. రావడం, వెళ్ళడం, బయలుదేరడం, చేరడం, పుట్టడం, చనిపోవడం, పడిపోవడం వంటి క్రియలకూ, 'సె' అనే సర్వనామం చేరే క్రియలన్నింటికీ ఎత్ర్ కావాలి. పాసే కోంపోజే పాఠంలో ఈ సంగతి చక్కగా చెప్పినవారే, ఇక్కడికి వచ్చాక పట్టికలోని పద్దెనిమిది క్రియలకూ అవ్వారే తగిలించారు. వాటిలో ఎక్కు అనే అర్థమున్న 'మొంతే' ఒకటి. దీన్ని చెప్పడానికి తెలుగు ఎంత అనువైనదో చూడండి. మనం ఎక్కడానికీ ఎక్కించడానికీ, దిగడానికీ దించడానికీ వేరు వేరు క్రియలు వాడతాం. ఫ్రెంచ్‌వారు క్రియను మార్చకుండా సహాయక క్రియను మారుస్తారు. 'జె సెరే మొంతే' అంటే నేను పైకి ఎక్కి ఉండేదాన్ని, 'జొరే మొంతే లా వలీజ్' అంటే పెట్టెను పైకి ఎక్కించి ఉండేదాన్ని. తెలుగులో నేర్పుతామని డబ్బు తీసుకున్నవారు చూపించాల్సింది ఇలాంటి పోలికలనే.

ఎత్ర్ వాడినప్పుడు కర్త స్త్రీ అయితే పార్తిసిప్ చివర, ఇంగ్లీషులో మనం 'ఈ' అని చదివే అక్షరం ఒకటి అదనంగా చేరుతుంది. పలుకులో వినిపించదు గాని రాతలో తప్పనిసరి. 'వచ్చి ఉండేవాడు', 'వచ్చి ఉండేది' అని మార్చుకునే అలవాటున్న మనకు ఇది వింత కాదు. వర్క్‌బుక్‌లో దీని ఊసే లేదు. నా రాత అభ్యాసాలు దిద్దినవారు కూడా, నేను స్త్రీనని తెలిసి, ఒక్కసారైనా ఆ అక్షరాన్ని చేర్చలేదు.

మూడో తప్పు కంటికి ఆనదు. 'నేను' అనే కర్తతో అవ్వార్ కోండిసియోనెల్ రూపం ఏ, యూ, ఆర్, ఏ, ఐ, ఎస్ అని రాయాలి. పట్టికలో చివరి ఎస్ లేదు. ఎస్ పోతే అది ఫ్యూత్యూర్ ఆంతేరియర్ అవుతుంది, అంటే 'చేసి ఉండేదాన్ని' కాస్తా 'చేసి ఉంటాను' అయిపోతుంది. చాలామంది పలుకులో ఈ రెండింటికీ తేడా తెలియదు కనుక, విని సరిచూసుకునే దారి కూడా లేదు. అచ్చుతప్పేమో అనుకుని వదిలేద్దామనుకున్నాను. జవాబుల పేజీలో కూడా అలాగే ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, పాఠంలో పూర్తిగా వదిలేసిన వాడుక ఒక ఎత్తు. ఫ్రెంచ్ వార్తల్లో ఇంకా నిర్ధారణ కాని సంగతిని కోండిసియోనెల్ పాసేలోనే చెబుతారు. 'లె మినిస్త్ర ఒరే దెమిసియొనే' అని వింటే, కోర్సు నేర్పిన లెక్క ప్రకారం 'మంత్రి రాజీనామా చేసి ఉండేవాడు' అనుకుంటాం, అంటే చేయలేదన్నమాట. నిజానికి దాని అర్థం 'మంత్రి రాజీనామా చేశాడట'. మనం ఒక్క 'అట'తో తేల్చేసే పనికి వారు ఈ క్రియారూపాన్ని వాడుకుంటారు. టీసీఎఫ్ కెనడా వినికిడి భాగంలో 39 ప్రశ్నలుంటాయి, కష్టం పెరిగేకొద్దీ రేడియో వార్తల వంటివి వస్తాయి. నేను వేరే చోట రాసిన నమూనా పరీక్షలో, అనుమానితుడు దేశం విడిచి వెళ్ళాడట అన్న వార్తకు 'వెళ్ళలేదు' అని గుర్తు పెట్టి వచ్చాను. కోర్సు మీద నాకు అనుమానం మొదలైంది ఆ రోజే. మర్నాడు ఫ్రెంచ్ చదువుకున్న స్నేహితురాలికి వర్క్‌బుక్ చూపిస్తే, ఆమె ఆ ఒక్క పేజీలోనే పదకొండు చోట్ల ఎర్ర సిరాతో గీతలు గీసింది.

దెప్పిపొడవడానికి వాడే 'త్యు ఒరే ద్యూ', అంటే 'నువ్వు ఫలానాది చేయాల్సింది' అన్న వాడుకను మాత్రం సరిగానే ఇచ్చారు. అమ్మినవారితో నేను మాట్లాడేటప్పుడు అదే బాగా పనికొచ్చింది.

వాపసు అడిగితే గడువు దాటిందన్నారు. తొమ్మిదో వారంలో తెరిచే పాఠాన్ని పదో రోజుకు ఎలా పరీక్షించాలో చెప్పమంటే జవాబు లేదు, బదులుగా 'అడ్వాన్స్‌డ్' కోర్సును సగం ధరకు ఇస్తామన్నారు. డబ్బు యూపీఐలో ఒక వ్యక్తి ఖాతాకు పంపాను, బిల్లు అడగలేదు. అది నా పొరపాటు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. చెల్లింపు స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణ, తప్పులున్న పేజీల ఫొటోలు దాచి ఉంచాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వస్తువుకో సేవకో అక్కడ ఫిర్యాదు రుసుము లేదు.

కొనే ముందు మీరు చేయవలసింది చాలా కొంచెం. నమూనా వీడియో చూసి తృప్తి పడకుండా, కోండిసియోనెల్ పాసే పాఠంలోని రెండు పేజీలు పంపమని అడగండి. అందులో 'సి' పక్కన 'ఒరే' కనిపించినా, 'వెన్యూ'కు ముందు అవ్వార్ రూపం కనిపించినా డబ్బు కట్టకండి. పేజీలు పంపడానికి నసిగితే అప్పుడూ కట్టకండి. పాఠాలు ఏ రోజున తెరుచుకుంటాయో, వాపసు గడువు ఏ రోజుతో ముగుస్తుందో ఆ రెండు తేదీలను పక్కపక్కన రాసుకుని చూడండి.

ఫిర్యాదు చేసిన మూడు వారాలకు, అంటే నిన్న, వర్క్‌బుక్‌ను మళ్ళీ దింపుకుని చూశాను. పట్టికలో ఎస్ చేర్చారు. 'జొరే వెన్యూ' మాత్రం ఇంకా అలాగే ఉంది.