సప్లయర్లను పోల్చడానికి సాలెగూడు చార్టు: ఏళ్లు వాడాక నా సమీక్ష

మూడు కొటేషన్లు ముందు పెట్టుకుని ఆర్డర్ ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి సాలెగూడు చార్టు పనికొస్తుందా అని తోటి పర్చేజ్ వాళ్లు అడుగుతుంటారు. కూర్చుని మాట్లాడుకోవడానికి చాలా బాగా పనికొస్తుంది, తేల్చడానికి మాత్రం పనికిరాదు. మధ్యలోంచి ఒక్కో అంశానికి ఒక్కో గీత బయటికి గీసి, సప్లయర్‌కి అందులో వచ్చిన మార్కు దగ్గర చుక్క పెట్టి, చుక్కలన్నీ చుట్టూ కలిపితే వచ్చే బొమ్మే ఈ చార్టు; మార్కు ఎక్కువైతే చుక్క అంత దూరంగా పడుతుంది. నేను గుంటూరు దగ్గర కారం, మసాలా పొడులు తయారుచేసే ఒక యూనిట్‌లో కొనుగోళ్లు చూస్తాను. అట్టపెట్టెలు, పౌచ్‌లు, లారీ ట్రాన్స్‌పోర్టు, ఆఖరికి ప్యాకింగ్ మెషీన్ కూడా ఈ చార్టు వేసి పోల్చాం. దీని గుణమూ తెలుసు, ఇది చేసే గారడీ కూడా తెలుసు.

ఖర్చేమీ లేదు. ఎక్సెల్‌లో దీని పేరు రాడార్. ఇన్సర్ట్‌లో చార్టుల దగ్గర వాటర్‌ఫాల్, ఫన్నెల్ ఉన్న గుంపులోనే ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో నెట్ అని వెతకాలి. గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. ఎందులో గీసినా ముందు స్కేలును 0 నుంచి 5 దాకా నేనే బిగించేస్తాను. సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే అది ఒక్కోసారి సున్నా నుంచి కాక మధ్యలో ఎక్కడి నుంచో మొదలుపెట్టి చిన్న తేడాను కొండంత చేస్తుంది. రంగు నింపిన రకం జోలికి పోను. ముందున్న రంగు వెనకవాళ్లను కప్పేస్తుంది. ఆఫీసు ప్రింటర్ బ్లాక్ అండ్ వైట్ అయితే గీతల్లో ఒకటి నిండుగా, ఒకటి చుక్కలుగా పెట్టుకోవాలి.

దీని బలమంతా ఆకారంలో ఉంది. అట్టపెట్టెలకు మేం ఆరు అంశాలు పెట్టుకున్నాం: ధర, పెట్టె గట్టితనం, టైముకు డెలివరీ, అరువు గడువు, చిన్న ఆర్డరైనా తీసుకోవడం, తేడా వచ్చిన సరుకు వెనక్కి తీసుకునే తీరు. ఇద్దరికి మొత్తం మార్కులు సమానంగా వచ్చాయనుకోండి. బొమ్మలో ఒకరు ధర వైపు సాగిపోయి డెలివరీ దగ్గర గుంటపడి ఉంటారు. ఇంకొకరు అన్నిట్లోనూ ఓ మోస్తరుగా, గుండ్రంగా ఉంటారు. టోటల్ కాలమ్‌లో ఈ సంగతి కనపడదు. చార్టు తెర మీద వేయగానే మా ప్రొడక్షన్ సూపర్‌వైజర్ "ఈ గుంట ఏంటండీ?" అంటాడు. అకౌంట్స్ ఆయన ధర వైపు వేలు పెట్టి "ఇది చూడండి ముందు" అంటాడు. ఎవరికి ఏది ముఖ్యమో అక్కడికక్కడే బయటపడుతుంది. పట్టిక పంచితే అందరూ చివరి అంకె చూసి టీ తాగి వెళ్లిపోయేవాళ్లు.

ఇక గారడీ. మన కన్ను ఎంత వద్దన్నా బొమ్మ వైశాల్యాన్నే చూస్తుంది, పెద్ద బొమ్మ గలవాడే గొప్పవాడనుకుంటుంది. ఆ వైశాల్యం మార్కుల మీదే కాదు, అంశాలను ఏ వరసలో పెట్టామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆరు అంశాల్లో ఒక సప్లయర్‌కి మూడు 5లు, మూడు 1లు వచ్చాయి. వాటిని 5, 1, 5, 1, 5, 1 అని పెడితే సన్నగా మూడు కొమ్ముల బొమ్మ వస్తుంది. అవే మార్కులను 5, 5, 5, 1, 1, 1 అని పెట్టండి, వైశాల్యం రెట్టింపు దాటిపోతుంది. నమ్మకం లేకపోతే పక్కపక్క మార్కులను గుణించి చుట్టూ కూడి చూడండి. వైశాల్యం ఆ మొత్తాన్ని బట్టే ఉంటుంది. మొదటి వరసకు 30 వస్తుంది, రెండో వరసకు 62. సప్లయర్ అతనే, మార్కులూ అవే. కావలసినవాణ్ణి పెద్దగా చూపించాలంటే అతని బలాలన్నీ ఒక పక్కన చేరిస్తే చాలు. ఎవరి చార్టైనా చూస్తున్నప్పుడు నేను మొదట గమనించేది ఈ వరసనే.

ఇంకో తిరకాసు, వైశాల్యం మార్కుల వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే మార్కులు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది. అన్నిట్లో 3 వచ్చినవాడి కంటే అన్నిట్లో 4 వచ్చినవాడు మూడోవంతు మెరుగు, బొమ్మ మాత్రం దాదాపు 78 శాతం పెద్దది. 1980ల్లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే అమెరికన్ గణాంకవేత్తలు మనుషులు గ్రాఫులు ఎలా చదువుతారో పరీక్షించి, ఒకే స్కేలు మీదున్న స్థానాలను పోల్చడంలో కన్ను తక్కువ తప్పు చేస్తుందని, వైశాల్యాల దగ్గర ఎక్కువ తప్పు చేస్తుందని చూపించారు. మామూలు బార్ చార్టు ఎందుకు నమ్మకంగా ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అసలు గొడవంతా మార్కులు వేయడంలో ఉంది. రూపాయలు, రోజులు, శాతాలు ఉన్నవున్నట్టు ఎక్కిస్తే అన్నిటికీ ఒకటే స్కేలు కాబట్టి చిన్న అంకెలు నడిమధ్యలో చుక్కలా మిగిలిపోతాయి. అందుకని అన్నిటినీ 1 నుంచి 5లోకి మార్చాలి. ధర తక్కువైతే మంచిది కాబట్టి దాన్ని తిరగేయడం కూడా మరిచిపోకూడదు. పెట్టెకు 31, 32, 33 రూపాయలు చెప్పిన ముగ్గురిలో చవకైనవాడికి 5, ఖరీదైనవాడికి 1 అని వేశారనుకోండి. ఏడు శాతం కూడా లేని తేడా బొమ్మలో ఐదు రెట్లవుతుంది. మా పద్ధతి ఏంటంటే, కొటేషన్లు తెరవకముందే ఏ ధరకు 5, ఏ ధరకు 1 అని కాగితం మీద రాసి సంతకం పెడతాం. తరవాత బేరాలు ఎన్ని వచ్చినా ఆ కాగితం మారదు.

అరువు గడువును కొన్నాళ్లకు చార్టులోంచి తీసేశాం. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల లెక్కన చక్రవడ్డీ పడుతుంది. అందుకని "మీరు 90 రోజులకివ్వండి సార్, మాకేం ఇబ్బంది లేదు" అనే మాటకు 5 మార్కులు వేయడంలో అర్థం లేదు. మా అట్టపెట్టెల వాళ్లందరూ ఆ కోవలోకే వస్తారు కాబట్టి అందరికీ ఒకటే మార్కు పడేది. అందరికీ ఒకటే పడే అంశం బొమ్మలన్నిటినీ ఉబ్బించడం తప్ప ఏమీ చెప్పదు.

చార్టు చెప్పలేని మాట ఇంకొకటుంది. కొన్ని లోపాలకు పరిహారం ఉండదు. గోదాములో పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎత్తుగా పేరుస్తాం, వానాకాలం తేమకు అట్ట మెత్తబడుతుంది. పెట్టె ఆ బరువు ఆపకపోతే ధరలో 5 వచ్చి ఏం లాభం? అందుకే ప్రతి అంశానికీ మాకు కావలసిన కనీస మార్కును ఒక సప్లయర్‌లాగే ఎక్కించి ఎర్ర చుక్కల గీతగా వేస్తాను. ఎవరి గీతైనా దాని లోపలికి వచ్చిందంటే చర్చ లేదు, ఆ పేరు కొట్టేయడమే. ఇంతకాలంలో నేను కనిపెట్టిన వాటిలో ఎక్కువ ఉపయోగపడింది ఇదే. వెయిటేజీకి మాత్రం ఇలాంటి దారి దొరకలేదు. గట్టితనం ధరకంటే రెండింతలు ముఖ్యమని బొమ్మలో చెప్పలేం, ఆ లెక్క పట్టికలోనే చేసుకోవాలి.

ఇద్దరు ముగ్గురికి మించితే గీతలన్నీ చిక్కుపడిపోతాయి. లారీ ట్రాన్స్‌పోర్టర్లు ఎక్కువమంది ఉంటారు కాబట్టి అక్కడ బార్లు వేసి, చివరికి మిగిలిన ఇద్దరికి మాత్రమే రాడార్ గీస్తాను. అంశాలు కూడా ఐదు నుంచి ఎనిమిది లోపు ఉంటేనే చూడబుద్ధవుతుంది. మూడే ఉంటే ఉత్త త్రిభుజం, దాన్ని చార్టు అనడం దండగ.

నాకు దీనివల్ల ఎక్కువ ఫలితం వచ్చింది కొత్తవాళ్లను ఎంచుకునేటప్పుడు కాదు, పాతవాళ్లతో ఏడాదికోసారి మాట్లాడేటప్పుడు. ఒకే సప్లయర్, పోయినేడు గీత ఒకటి, ఈ ఏడు గీత ఒకటి. అంశాల వరస మారదు, మార్కుల కొలత మారదు కాబట్టి గారడీకి చోటు తక్కువ. పోటీదారుల గీతలు తీసేసి అతనిది అతనికే చూపిస్తాను. మా పెట్టెల సప్లయర్ ఒకాయన డెలివరీ దగ్గర లోపలికి పోయిన గీత చూసి, "దసరా ముందు రెండు లోడ్లు లేటయినయ్యి, దానికింత చేశారా?" అని నవ్వి, వచ్చే పండగ సీజనుకు స్టాకు ముందే కట్టి ఉంచుతానని తనంతట తనే ఒప్పుకున్నాడు. ఆ మాట ఆ రోజే ఆర్డర్ షరతుల్లోకి ఎక్కించాం.