7 రాత్రులు, 5 మంది, 25 అడుగుల ఇల్లు: అద్దె ఆర్‌వీ మీద నా రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో అమెరికా పడమటి వైపు కాన్యన్లు (లోతైన రాతి లోయలు) చూడాలంటే ఆర్‌వీ, అంటే లోపలే మంచాలూ వంటిల్లూ బాత్రూమూ ఉండే బండి, మంచిదే. డబ్బు మిగులుతుందని మాత్రం తీసుకోకండి. రోజుకో చోటు చుట్టేద్దామని అయితే అసలే తీసుకోకండి. ఆ రెండో తప్పు నేను చేశాను.

2024 మేలో అమ్మా నాన్నా నరసరావుపేట నుంచి మా దగ్గరికి శాన్‌హోజే వచ్చారు. లాస్ వేగాస్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ ఆర్‌వీ అద్దెకు తీసుకుని, జయాన్, బ్రైస్ కాన్యన్, పేజ్, గ్రాండ్ కాన్యన్ చూసుకుని మళ్ళీ వేగాస్‌లో అప్పగించాం. మొత్తం 850 మైళ్ళు. అమ్మ, నాన్న, మా ఆయన, తొమ్మిదేళ్ళ మా వాడు, నేను. కంపెనీ పేరు రాయను, వాళ్ళతో చిన్న లెక్క ఇంకా తేలలేదు. అయినా ఈ సైజు అద్దె బండ్లన్నీ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా నాన్న 31 ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవర్. ఇక్కడ స్టీరింగ్ పట్టుకోలేదు గానీ, ఆ వారం బండి నడిపింది ఎవరని అడిగితే మా ఆయన కూడా నాన్న పేరే చెబుతాడు.

మేం తీసుకున్నది క్లాస్ సి బండి. ముందు ఫోర్డ్ వ్యాను ముఖం, వెనక పెట్టె లాంటి ఇల్లు, డ్రైవర్ నెత్తిమీద ఒక మంచం. ఆ మంచం మా వాడు మొదటి నిమిషంలోనే కబ్జా చేశాడు. వెనక అసలు మంచం అమ్మానాన్నలకి. మాకు భోజనాల బల్లని కిందికి దించితే వచ్చే మంచం. దాని మీద ఇద్దరు పెద్దవాళ్ళు పడుకోవచ్చని బ్రోచర్‌లో ఉంది. ఆ ఇద్దరూ ఒకే వైపు తిరిగి పడుకుంటేనే. నడపడానికి మామూలు లైసెన్సు చాలు. నాన్న బండి చుట్టూ ఒక రౌండు వేసి, టైర్లు కాలితో తన్ని చూసి, "మా పల్లెవెలుగు కంటే చిన్నదేనమ్మా" అని తేల్చేశాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి మీటర్ రీడింగ్ రాసుకున్నాడు. అప్పుడు నవ్వాను.

బండి మాకు అప్పగించడానికి 40 నిమిషాలు పట్టింది. ఒక కుర్రాడు ఫోన్లో వీడియో చూపించి, మంచినీళ్ళకి ఒకటి, సింకూ స్నానాల నీళ్ళకి గ్రే ట్యాంకు, మరుగుదొడ్డికి బ్లాక్ ట్యాంకు అని మూడు ట్యాంకుల గురించి చెప్పాడు. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తర్వాత గ్రే. ఆ సబ్బునీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది. ఈ ఒక్క ముక్క బాగా చెప్పాడు, అందుకు థాంక్స్. బ్యాటరీ గురించి మాత్రం ఒక్క మాట కూడా చెప్పలేదు. దాని కథ తర్వాత.

అందరికీ ఉండే అపోహ ఒకటుంది. బండి వెళుతుంటే వెనక మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకోవచ్చని. పడుకోకూడదు. కదిలేటప్పుడు అందరూ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోవాల్సిందే. "ఇంత మంచం పెట్టుకుని కూర్చోమంటారేంటే" అని అమ్మ మొదటి 50 మైళ్ళూ సణిగింది. వంట కూడా ఆగిన తర్వాతే. అంటే బండి కదిలినంతసేపూ ఇది ఇల్లు కాదు, గిన్నెలు గలగలమనే బస్సు. నా ఎక్సెల్ షీట్ చెడింది ఇక్కడే. రోజూ మూడు నాలుగు గంటల ప్రయాణం, మధ్యలో రెండు మూడు చూసే చోట్లు, రాత్రికి కొత్త ఊరు అని వేశాను. కారైతే సరే. ఆర్‌వీలో పొద్దున్నే బయల్దేరాలంటే కరెంటు వైరు తీయాలి, నీళ్ళ గొట్టం తీయాలి, ట్యాంకులు వదలాలి, ప్రతి అల్మారా గడియ వేయాలి, పెరుగు గిన్నె సింకులో పెట్టాలి. మాకు రోజూ గంటన్నర పట్టేది. సాయంత్రం దిగాక మళ్ళీ అదంతా వెనక నుంచి ముందుకి.

జయాన్‌లో రెండు రాత్రులు. వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌కి ఐదుకి ఐదు మార్కులు. పక్కనే వర్జిన్ నది, చుట్టూ ఎర్ర కొండలు, కరెంటు ఉన్న స్థలం దొరికింది. అన్నిటికంటే పెద్ద లాభం, విజిటర్ సెంటర్ నడిచి వెళ్ళే దూరం. షటిల్ సీజన్లో లోయలోకి సొంత బండ్లు రానివ్వరు, అక్కడినుంచి బస్సే. మన బండి విప్పే పని లేదు. చివరి స్టాపు దగ్గర నది పక్కన రివర్‌సైడ్ వాక్ అని సిమెంటు బాట ఉంది. అమ్మ సగం దూరం నడిచి, ఒక రాయి మీద కూర్చుని, నీళ్ళలో కాళ్ళు పెట్టింది. షీట్ ప్రకారం ఆ మధ్యాహ్నం ఇంకో రెండు చోట్లు ఉన్నాయి. అమ్మ లేవలేదు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్న పోపు వేస్తే స్మోక్ అలారం మోగింది. ఆరున్నరకి. క్యాంపు మొత్తం లేచింది. పక్క స్థలంలో ఉన్న ముసలి జంటకి సారీ చెప్పడానికి వెళ్ళాను, వెంట పులిహోర పట్టుకుని. వాళ్ళు పదేళ్ళుగా ఇలాగే తిరుగుతున్నారట. మా ప్లాన్ విని ఆవిడ నవ్వి, ఆర్‌వీ వాళ్ళలో బాగా తిరిగే 3-3-3 లెక్క చెప్పింది: రోజుకి 300 మైళ్ళు దాటొద్దు, మధ్యాహ్నం 3 లోపు చేరిపోవాలి, ఒక్కో చోట 3 రాత్రులు ఉండాలి. మా దగ్గర మొదటిది ఒక్కటే ఉంది, అదీ అదృష్టం కొద్దీ. పోపుకి ఆమె ఇచ్చిన సలహా ఇంకా పనికొచ్చింది. బయట బల్ల మీద చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకోమంది. దారిలో కొన్నాం. ఇక్కడ చెప్పినవాటిలో ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

జయాన్ నుంచి బ్రైస్‌కి దగ్గరి దారిలో 1930 నాటి సొరంగం ఉంది, 1.1 మైళ్ళు. మా బండి ఎత్తు ఎక్కువ కాబట్టి 15 డాలర్ల పర్మిట్ కట్టాం. అప్పట్లో పెద్ద బండి వస్తే పార్కు రేంజర్లు ఎదురు బండ్లన్నీ ఆపేసేవారు, మనం నడిమధ్యలో వెళ్ళాల్సి ఉండేది. నాన్న ఆనందం చూడాలి. "31 ఏళ్ళ సర్వీసులో మనకోసం ఎవడూ రోడ్డు ఆపలేదమ్మా." 2026 మధ్య నుంచి పెద్ద బండ్లని ఆ దారిలో రానివ్వబోమని పార్కు వాళ్ళు ప్రకటించారు. ఆర్‌వీ వాళ్ళు చుట్టు దారికి టైం వేసుకోండి.

బ్రైస్ 8000 అడుగుల ఎత్తు. కుక్కర్ లేకపోతే అక్కడ కందిపప్పు తొందరగా ఉడకదు. మేం దిగిన నార్త్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు గానీ నీళ్ళ కనెక్షన్ గానీ లేవు, కానీ లోయ అంచుకి నడుచుకుంటూ పోవచ్చు. సన్‌రైజ్ పాయింట్, సన్‌సెట్ పాయింట్ మధ్య అర మైలు చదునైన బాట. అమ్మ అది మొత్తం నడిచింది. ఆ రాతి స్తంభాల గుంపుని చూసి, "పెళ్ళి భోజనాల దగ్గర జనం నిలబడ్డట్టు లేదూ" అంది. నీళ్ళు పొదుపుగా వాడాలని అందరికీ క్లాసు పీకాను. షవర్లో రెండేసి నిమిషాలని రూలు పెట్టాను. అమ్మ షవర్ జోలికే పోకుండా బకెట్టు, చెంబు పెట్టుకుని సుబ్బరంగా స్నానం చేసి, మా అందరికంటే తక్కువ నీళ్ళు వాడింది.

ఇక బ్యాటరీ. హీటర్ నడిచేది గ్యాస్‌తోనే అయినా, వేడిగాలిని తోసే ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతుంది. తెల్లవారుజామున మూడింటికి బ్యాటరీ చచ్చింది, హీటర్ ఆగింది. రాత్రిపూట జనరేటర్ వేయకూడదు. పగుళ్ళలో నీళ్ళు రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, అలా ఏళ్ళ తరబడి ఆ స్తంభాలని చెక్కాయని సాయంత్రమే బోర్డు మీద చదివాం. అదే చలి మమ్మల్నీ చెక్కింది. నాన్న మంకీ క్యాప్‌లో, మా వాడు అమ్మమ్మ శాలువాలో. కంపెనీకి ఫోన్ చేస్తే పొద్దున్న తొమ్మిదికి ఎత్తి, బండి నడిపితే చార్జ్ అవుతుందన్నారు. నిజమే, అయింది. పాత బ్యాటరీ ఇచ్చామని మాత్రం ఒప్పుకోలేదు.

ఫోన్ ఎత్తేసరికి మేం దారిలోనే ఉన్నాం. పేజ్‌లో పదింటికి ఆంటిలోప్ కాన్యన్ టూర్ బుక్ చేశాను. అది నవాహో వాళ్ళ నేల, గైడ్ లేకుండా లోపలికి పోనివ్వరు, ఆలస్యమైతే టికెట్ పోతుంది. నిద్రలేని రాత్రి తర్వాత ఐదున్నరకే అందరినీ లేపి, కాఫీ కూడా పెట్టనివ్వకుండా, 150 మైళ్ళు అరుచుకుంటూ వెళ్ళాం. చేరేసరికి 9:40. హమ్మయ్య అనుకుని కౌంటర్ దగ్గరికి వెళితే అక్కడి గడియారంలో 8:40! బ్రైస్ ఉన్న యూటా వేసవి టైం (గడియారం గంట ముందుకి జరపడం) పాటిస్తుంది, పేజ్ ఉన్న ఆరిజోనా పాటించదు. గంట ముందే వచ్చాం. ఎవరూ నాతో మాట్లాడలేదు.

పార్కింగ్‌లో బండికున్న పందిరి గుడ్డ లాగి, కింద రెండు కుర్చీలు వేసి, అమ్మ కాఫీ పెట్టింది. తర్వాత పెసరట్లు. గాలి చల్లగా ఉంది. మా వాడు తాతయ్యతో దాడి ఆట ఆడాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి అందరం కూర్చుని తిన్నది అక్కడే, ఒక మట్టి పార్కింగ్ స్థలంలో. తర్వాత ముగ్గురం కాన్యన్‌లోకి వెళ్ళాం, అమ్మానాన్నా పందిరి కిందే ఉండిపోయారు. కాన్యన్ బాగుంది, ఫోటోల్లో చూసిందే.

తిరిగి వస్తూ గ్లెన్ కాన్యన్ డ్యాం దగ్గర ఆగాం, పది నిమిషాలని. షీట్‌లో అది లేనేలేదు. నాన్న సాగర్ డ్యాం కట్టడం చిన్నప్పుడు చూసిన మనిషి. సాగర్‌కి 1955 డిసెంబర్‌లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, ఇది 1956లో మొదలైంది. 710 అడుగుల ఎత్తు, సాగర్ కంటే చాలా ఎక్కువ. "మనది రాతి కట్టడం, చేత్తో కట్టాం. వీళ్ళది కాంక్రీటు" అని నాన్న తేడా చెప్పుకుంటూ అద్దాల దగ్గర రెండు గంటలు నిలబడ్డాడు. ఆ రోజంతా ఆయన తనంతట తాను అడిగి చూసింది అదొక్కటే. షీట్‌లో మర్నాటికి వేసుకున్న మాన్యుమెంట్ వ్యాలీని ఆ సాయంత్రం రద్దు చేసేశాను. అడ్వాన్సు పోయింది, పోనీ. మేం దిగిన వావీప్ క్యాంప్‌గ్రౌండ్‌లో, పావెల్ సరస్సు ఎదురుగా, ఇంకో రాత్రికి చోటు దొరికింది. మర్నాడు ఏమీ చూడలేదు. అమ్మ మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయింది. మా ఆయన ఒక పుస్తకం పూర్తి చేశాడు.

గ్రాండ్ కాన్యన్‌కి తూర్పు వైపు నుంచి వెళ్ళాం. ముందు డెజర్ట్ వ్యూ దగ్గర 1932లో కట్టిన రాతి బురుజు, తర్వాత ట్రెయిలర్ విలేజ్‌లో రెండు రాత్రులు. ఇక్కడ కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ అన్నీ ఉన్నాయి, బస్సు స్టాపూ దగ్గరే. స్థలాలు మాత్రం ఇరుకు. వెనక్కి పెట్టేటప్పుడు నాన్న దిగి నిలబడ్డాడు. అల్లుడిని "మీరు" తప్ప అనని మనిషి, బండి వెనక చేరగానే "రైట్ రైట్... పోనీ... పోనీ... హోల్డాన్!" అని అరుస్తుంటే చుట్టుపక్కల వాళ్ళు కుర్చీలు తిప్పుకుని చూశారు. ఒక్కసారికే సరిగ్గా కూర్చుంది. చప్పట్లు కూడా పడ్డాయి.

మొదటి సాయంత్రం లోయ చూసి అందరం నోరెళ్ళబెట్టాం. రెండో రోజు పొద్దున్న ఇంకో పాయింటుకి వెళదామంటే మా వాడు "మళ్ళీ రాళ్ళా?" అన్నాడు. పిల్లాడిని అనలేం, వారంలో ఇది నాలుగో లోయ. నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్ళొచ్చాను. వాళ్ళు బండి దగ్గరే ఉండి, స్థలాల మధ్య మేస్తున్న ఎల్క్ జింకలని చూశారట. వచ్చేసరికి అమ్మ దాని గురించి అరగంట చెప్పింది.

ఖర్చు: అద్దె, మైలేజీ, పరుపులు గిన్నెల కిట్టు, బీమా, పన్నులు కలిపి 2000 డాలర్లు. పెట్రోలు 390, గ్యాలన్‌కి తొమ్మిది మైళ్ళే ఇచ్చింది. క్యాంపు స్థలాలు 360. కారూ, రెండేసి హోటల్ గదులూ తీసుకున్నా దాదాపు ఇంతే. తిండి ఖర్చు తగ్గింది, అమ్మకి దారిలో బాత్రూం కోసం వెతికే టెన్షన్ లేదు. ఆ రెండింటికోసమైతే మళ్ళీ తీసుకుంటాను. ఈసారి మూడు చోట్లకి మించి పెట్టను, అదీ బండి విప్పకుండా బస్సు మీదో నడిచో తిరిగే క్యాంపులున్న చోట్లే.

అప్పగించేటప్పుడు బిల్లులో 911 మైళ్ళు వేశారు. నాన్న నోటుబుక్కు తీసి మొదటి రీడింగ్, రోజువారీ రీడింగ్ వరసగా చూపించాడు. కౌంటర్‌లో అమ్మాయి రెండుసార్లు కూడి, 853కి దిద్దింది. వంటగట్టు మీద పసుపు మరకకి 75 డాలర్లు క్లీనింగ్ అని పట్టుకున్నారు. దాని మీదే ఇంకా మెయిళ్ళు నడుస్తున్నాయి. బండికి నాలుగు స్టార్లు, కంపెనీకి రెండు.