యజ్ఞపాత్రల సెట్ ఆన్‌లైన్‌లో కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

"శాస్త్రోక్త యజ్ఞపాత్రలు, పూర్తి సెట్" అని ఫొటోలు పెట్టి అమ్ముతున్నారు, జాగ్రత్త. మా మామయ్యగారు అగ్న్యాధానానికి, అంటే యజ్ఞాగ్నుల్ని ప్రతిష్ఠించుకునే కర్మకి, సిద్ధమవుతున్నారని ఇంట్లో వాళ్లం కలిసి ఒక సెట్ తెప్పించాం. ఆరున్నర వేలు పోయాయి, వచ్చినదాంట్లో ఒక్కటి కూడా కర్మకి పనికిరాదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇలాంటి సరుకు అమ్మేది వాళ్లొక్కరే కాదు.

అసలు ఏది ఏ కర్రతో చేయాలో యజ్ఞవిధులు చెప్పే మన ఆపస్తంబ సూత్రంలోనే ఉంది. నెయ్యికి వాడే గరిటెలు నాలుగు: స్రువానికి చండ్ర, జుహువుకి మోదుగ, ఉపభృత్తుకి రావి, ధ్రువకి వైకంకతం అనే చెట్టు కర్ర. మోదుగ జుహువు ఉన్నవాడు చెడ్డ మాట వినడని యజుర్వేదంలోని తైత్తిరీయ సంహితే చెబుతుంది, అంటే కర్ర ఎంపిక ఏదో అలంకారం కోసం కాదు. మాకు వచ్చిన నాలుగూ ఒకే రకం తేలిక కర్ర, పైన ఎర్రటి పాలిష్. అడుగున చాకుతో కాస్త గీకితే లోపల తెల్లగా, మెత్తగా ఉంది. చండ్ర చేవ అయితే చేతికి బరువు తెలుస్తుంది, ముదురు ఎరుపులో ఉంటుంది. గోరువెచ్చని నెయ్యి పోసి చూస్తే ఆ నెయ్యంతా పాలిష్ వాసన, అది అగ్నిలో వేయడం ఎలాగో వాళ్లే చెప్పాలి!

ఇంకో పెద్ద లోపం, ఫొటోలో అస్సలు తెలియదు. ఈ పాత్రలకి చెట్టు మొదలు వైపు పిడి, కొన వైపు మూతి రావాలి, గుంట బెరడు ఉన్న వైపు తొలవాలి, మూతి హంస ముక్కులా ఉండాలి. అంటే ఒకే కర్రలో చెక్కాలి. వీళ్లు పిడి లేత్ మీద తిప్పి, గిన్నె విడిగా చేసి జిగురుతో అతికించారు. ఇంక మొదలేది, కొనేది?

స్ఫ్యం, అంటే యజ్ఞంలో వాడే కర్ర కత్తి, చూస్తే మాత్రం బాధేసింది. సంహితలో పది యజ్ఞాయుధాల పేర్లు చెప్పేటప్పుడు మొదట చెప్పేది దాన్నే. ఇంద్రుడు వృత్రుడి మీద విసిరిన వజ్రం ముక్కలైతే ఒక ముక్క స్ఫ్యం అయిందంటారు. యజ్ఞవేది గీతలు గీసేది దానితోనే, ఆగ్నీధ్రుడనే ఋత్విజుడు చేత పట్టుకుని నిలబడేది దాన్నే. చండ్ర కర్రతో తిన్నగా, మొన తేలి ఉండాల్సిన ఆ వస్తువుని నాటకంలో కత్తిలా వంపు తిప్పి వెండి రంగు పూసి పంపారు.

అరణి, అంటే మథించి అగ్ని పుట్టించే కర్ర, గురించి అమ్మినవాళ్లకి ఫోన్ చేసి, జమ్మి మీద మొలిచిన రావేనా అని అడిగితే "రావి అంటే రావే కదండీ" అన్నారు. అగ్ని పుట్టాల్సిన కర్ర గురించి ఇంత తేలిగ్గా మాట్లాడేవాళ్లు మిగతావి మాత్రం ఏం చూసి చేస్తారు? వాపసు అడిగితే "పూజా సామగ్రి తిరిగి తీసుకోం" అని ఫోన్ పెట్టేశారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాం.

కాబట్టి రెడీమేడ్ సెట్ జోలికే పోకండి. ఈ పాత్రల పొడవు అరత్నితో చెబుతారు, అరత్ని అంటే మోచేతి నుంచి చిటికెన వేలి చివర దాకా, అదీ యజమాని, అంటే యజ్ఞం చేసేవాడి, చేయి కొలత. అందరికీ ఒకే అంగుళాలు అని రాసి ఉందంటే అక్కడే అర్థమైపోవాలి. ముందు మీ ఆచార్యుల్ని అడిగి కొలతలు రాసుకోండి, కర్ర మీరే తెచ్చి, మొదలు వైపు సుద్దతో గుర్తు పెట్టి తెలిసిన వడ్రంగికి ఇవ్వండి, పాలిష్ వద్దని గట్టిగా చెప్పండి. దూరం నుంచి తెప్పించక తప్పదంటే పాలిష్ వేయకముందు వీడియో అడగండి, పెట్టె విప్పేటప్పుడు మీరూ వీడియో తీసుకోండి.

మాకు ఇప్పుడు ఊళ్లోని వడ్రంగే చేస్తున్నాడు, చండ్ర, మోదుగ, రావి దొరికాయి. వైకంకతం కర్ర ఒక్కటే ఇంకా దొరకలేదు, ఎవరికైనా ఎక్కడ ఉందో తెలిస్తే ఊరి పేరు కింద రాయండి.