కొత్త పరికరాలు, తగ్గిన టవర్లు: విశాలాక్షినగర్ నుంచి ఒక మొబైల్ సేవపై సమీక్ష

పదేళ్లకు పైగా నేను వాడుతున్న మొబైల్ సంస్థ గత ఏడాది విశాఖపట్నంలో తన నెట్‌వర్క్ పరికరాలను మార్చింది. ఆ పనిలో కొంత భాగం విశాలాక్షినగర్‌లోని మా అపార్టుమెంటు మేడ మీదే జరిగింది. నివాసుల సంఘం కార్యదర్శిగా మేడ తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి, మామూలుగా వినియోగదారులకు కనపడని వైపు నుంచి కూడా ఈ సేవను చూడగలిగాను.

పాత ఏర్పాటును చూసినవారికే కొత్తదాని విలువ తెలుస్తుంది. ఇంతకుముందు మేడ మీది రేకుల గదిలో 2జీకి ఒక పరికరాల బీరువా, 3జీకి ఒకటి, 4జీకి మరొకటి ఉండేవి. వాటిని చల్లగా ఉంచడానికి రెండు ఏసీలు, కరెంటు పోతే నడిపే డీజిల్ జనరేటరు వేరే. ఆ గది నుంచి స్తంభం మీది యాంటెన్నాల దాకా పసిపిల్లల మణికట్టంత లావున్న నల్లటి కేబుళ్లు గోడ వెంట పాకి ఉండేవి. పంపిన శక్తిలో దాదాపు సగం ఆ కేబుళ్లలోనే వేడిగా పోయేదని పనికి వచ్చిన టెక్నీషియన్ చెప్పినప్పుడు మొదట నమ్మలేదు గానీ, సిగ్నల్ శక్తి హెచ్చుతగ్గులను చెప్పే డెసిబెల్ లెక్కలో మూడు డెసిబెల్‌ల నష్టం అంటే సగం పోవడమే కనుక అది కోతలు కోయడం కాదని తరువాత అర్థమయింది. ఇప్పుడు మూడు బీరువాల స్థానంలో నడుమెత్తు పెట్టె ఒకటే ఉంది. రేడియో భాగాలను యాంటెన్నాల వెనుకే స్తంభానికి బిగించారు. కింది నుంచి వాటికి వెళ్లేవి సన్నటి ఫైబరు తీగ, కరెంటు తీగ మాత్రమే. ఒకే పరికరం సాఫ్ట్‌వేర్ సాయంతో 2జీ, 4జీ, 5జీ మూడింటినీ నడుపుతుంది. ఆ రంగంలోని వారు దీన్ని సింగిల్ రాన్ అంటారు. ఏసీల హోరు ఆగింది కాబట్టి అయిదో అంతస్తువారు నాకు ఫోన్ చేయడం కూడా ఆగింది.

వాడకంలో వచ్చిన తేడా నిజమైనదే. 3జీ మూతపడ్డాక ఖాళీ అయిన 2100 మెగాహెర్ట్జ్ తరంగాలను 4జీకి మళ్లించారు, 900 మెగాహెర్ట్జ్‌లో కూడా కొంత 4జీకి ఇచ్చారు. తక్కువ పౌనఃపున్యం తరంగాలు ఎక్కువ దూరం వెళతాయి, గోడలను కూడా మెరుగ్గా దాటుతాయి. అందుకే ఒకప్పుడు బాల్కనీలోకి వచ్చి మాట్లాడవలసిన నేను ఇప్పుడు రెండు గోడల లోపలి పడకగదిలో కూర్చుని మాట్లాడుతున్నాను. హనుమంతవాక నుంచి గాజువాక వెళ్లే బస్సులో, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర వారంలో రెండు మూడుసార్లయినా తెగిపోయే కాల్ ఇప్పుడు నిలుస్తోంది. రుషికొండ తీరంలో 5జీ వేగం చూస్తే ముచ్చటేస్తుంది, కాకపోతే ఆ వేగంతో తీరాన కూర్చుని చేసే పని నాకేమీ లేదు. ఇంట్లోకి వస్తే ఆ 5జీ సగం గదుల్లో కనపడదు. 3300 మెగాహెర్ట్జ్ పైనున్న తరంగాలకు గోడలంటే పడదు.

నా అభ్యంతరమంతా ఏకీకరణ గురించి. ఒక పెట్టెలోకి మూడు తరాలను చేర్చడం ఒక ఏకీకరణ, రెండు టవర్ల పనిని ఒక టవరుకు అప్పగించడం మరొకటి. సంస్థ రెండింటినీ ఒకే ప్రచారంలో కలిపి చెప్పింది. మా మేడ మీది పరికరాలు మారిన నెలన్నరకు, రెండు వీధులు పైన కొండవాలులో ఉన్న మరో మేడ మీది టవరును తీసేశారు. మా అమ్మానాన్నల ఇల్లు దానికి దగ్గర. మా మేడ యాంటెన్నాలు కొద్ది డిగ్రీలు కిందికి వంగి రోడ్డు వైపు చూస్తాయి, ఆ ఇల్లేమో వాటికంటే ఎత్తున, బండరాతి మలుపు వెనుక ఉంటుంది. ఫోన్ సెట్టింగులలో కనపడే సిగ్నల్ అంకెను నేను అంతకుముందే రాసి ఉంచాను: వాళ్ల ముందుగదిలో మైనస్ 85 ఉండేది, ఇప్పుడు మైనస్ 112 ఉంది. ఇరవై ఏడు డెసిబెల్‌లు తగ్గడమంటే అందే శక్తి దాదాపు అయిదు వందలలో ఒక వంతుకు పడిపోవడం. వంటింట్లో అయితే ఏమీ లేదు. అమ్మ ఇప్పుడు ఫోన్‌ను దేవుడి గూటి పక్క కిటికీలో పెడుతోంది. మోగితే అక్కడికి వెళ్లి, కొంగు భుజాన వేసుకుని, చువ్వలకు ముఖం ఆనించి మాట్లాడుతోంది.

అమ్మది కీప్యాడ్ ఫోన్, 2జీ మాత్రమే పట్టుకుంటుంది. నాన్నది పాత 3జీ ఫోన్, 4జీ మీద మాట్లాడే వోల్టీ సదుపాయం దానిలో లేదు. 3జీ పోయాక అది కూడా 2జీకే దిగింది. 900లో కొంత భాగాన్ని 4జీకి ఇచ్చేయడంతో 2జీకి మిగిలింది సన్నటి పాయ. సాయంత్రం ఆరు దాటితే ఆ పాయలో చోటు దొరకక ఇద్దరి ఫోన్లూ నెట్‌వర్క్ బిజీ అంటాయి. ఈ సంగతి ముందే తెలిసిన సంస్థ ఒక్క సందేశం పంపి, ఫోన్ మార్చుకోండని వాళ్ల భాషలో చెప్పి ఉండవలసింది.

ఇలాంటి మార్పిడి మొదటిసారి జరుగుతున్నదేమీ కాదు. అమెరికాలో స్ప్రింట్ సంస్థ 2010 డిసెంబరులో నెట్‌వర్క్ విజన్ పేరుతో ఇదే పనిని ప్రకటించింది, వేర్వేరు సాంకేతికతలను ఒకే స్టేషనులోకి తెచ్చే క్రమంలో తనలో కలుపుకున్న నెక్స్‌టెల్ సంస్థ నుంచి వచ్చిన ఐడెన్ అనే పాత నెట్‌వర్క్‌ను 2013 జూన్ 30న మూసివేసింది. పాతవి విప్పి కొత్తవి బిగిస్తున్న కాలంలో సేవ దెబ్బతిని చాలామంది వినియోగదారులు వెళ్లిపోయారు. చివరకు 2020లో ఆ సంస్థే టీ-మొబైల్ అనే మరో మొబైల్ సంస్థలో కలిసిపోయింది. పరికరాలు మంచివైనంత మాత్రాన ఆ మధ్యకాలాన్ని వినియోగదారు క్షమిస్తాడని అనుకోకూడదు.

ఫిర్యాదు విభాగం పనితీరు గురించి ఎక్కువ రాయనవసరం లేదు. 198కి చేసిన రెండు ఫిర్యాదులనూ, ఎవరూ ఇంటికి రాకుండానే, పరిష్కారమైనట్టు మూసేశారు. 2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం సంస్థలు తమ కవరేజీ పటాలను వెబ్‌సైటులో పెట్టాలి; ఆ పటంలో అమ్మావాళ్ల వీధికి నిండుగా రంగు పూసి ఉంది. పటం చూసినా, ఇంటికి వచ్చి చూసినా ఒకటే కనపడాలన్నది నా ఆశ.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటూ ఫోన్లూ కలిసి పోయాయి. కాస్త సిగ్నల్ ఉన్న చోటు తెలిస్తే నలుగురం అక్కడికి నడిచి వెళ్లేవాళ్లం. కొత్త పరికరానికి కరెంటు తక్కువ సరిపోతుంది కనుక బ్యాటరీ మునుపటికంటే ఎక్కువసేపు నిలుస్తుందన్నది నిజమే. అయితే జనరేటరును తీసుకుపోయారు, కొండవాలు టవరూ లేదు, మూడు తరాలూ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. ఒక్క దూలం మీద ఇల్లంతా నిలబెట్టినట్టుంది. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందని సంఘం తరఫున రాసి అడిగాను, జవాబు రాలేదు.

నా సిమ్‌కు అయిదులో నాలుగు ఇస్తాను, అమ్మానాన్నల సిమ్‌లకు ఒకటిన్నర. నాది మార్చడం లేదు. అమ్మావాళ్ల పక్కింటివారి వేరే సంస్థ సిమ్ అమ్మ వంటింట్లో కూడా పనిచేస్తోందని రెండు రోజులు వాడి చూశాక, నిన్న అమ్మ ఫోన్ నుంచే 1900కు, నంబరు మారకుండా సంస్థ మార్చుకునే పోర్ట్ సందేశం పంపాను. ఎనిమిది అక్షరాల కోడ్ వచ్చింది, నాలుగు రోజులే చెల్లుతుంది. కిటికీ దగ్గర నిలబడే పంపవలసి వచ్చింది.