సెబెంజా 21: ఏళ్ల తరబడి జేబులో తిరిగాక

ఖరీదైన మడత చాకు కొన్నవాళ్లను మొదటి రోజు నుంచీ ఒకటే సందేహం తొలుస్తుంది. దీంతో అట్టపెట్టెలు కోయాలా, లేక అలాగే దాచి ఉంచాలా? వాడితే రేపు అమ్మబోయేటప్పుడు ఎంత పోతుందో! అమెరికా చాకుల కంపెనీ క్రిస్ రీవ్ వాళ్ల సెబెంజా 21 ఏళ్ల తరబడి నా జేబులో ఉంది. నేను చెప్పేదొక్కటే: హాయిగా కోయండి, సాన పట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. ధర బాగా పడిపోయేది అక్కడే.

ఈ మోడల్ 2008లో వచ్చింది. దీని తర్వాతి మోడల్ సెబెంజా 31 వచ్చాక దీని తయారీ ఆగిపోయింది కాబట్టి పెట్టె విప్పనివాటిని సేకర్తలు వెతుక్కుంటారు. మొదటిసారి కోయగానే మన చాకు ఆ వరుసలోంచి తప్పుకుంటుంది, ధర ఒక మెట్టు దిగుతుంది. ఆ తర్వాత పది పెట్టెలు కోసినా వెయ్యి కోసినా కొనేవాడి దృష్టిలో పెద్ద తేడా ఉండదు. అంటే నష్టం ఎటూ జరిగిపోయాక కూడా చాకును బీరువాలో దాచుకోవడంలో అర్థం లేదు.

పిడి గరుకు ఫినిషింగ్ ఉన్న టైటానియం. తాళాలు, చిల్లర తగిలితే మెరుపు గీతలు పడతాయి. అవి చాలావరకు పైపైనే ఉంటాయి, పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్దితే మసకబారతాయి. వాటికోసం నిద్ర పాడుచేసుకోవద్దు. నేనైతే తాళాలను వేరే జేబులో వేసుకుంటాను, అంతే.

ఇక సాన. నా దాంట్లో బ్లేడు S35VN అనే రకం ఉక్కు. ఇందులోని వనేడియం కార్బైడ్లు అనే సూక్ష్మ రేణువులు మామూలు సాన రాళ్లలోని అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి, అందుకే ఆ రాళ్ల మీద పని మెల్లగా సాగుతుంది. ఓపిక నశించి చాలామంది కరెంటు గ్రైండర్ దగ్గరికి వెళ్తారు. దయచేసి ఆ పని చేయకండి. పల్చటి వాదర క్షణాల్లో వేడెక్కుతుంది, అక్కడ ఉక్కు గట్టిదనం పోతుంది, పైగా కొన్నేళ్లకు అరగాల్సిన లోహం ఒక్క పూటలో అరిగిపోతుంది. వజ్రపు పొడి అంటించిన ప్లేట్లు, కోణం మారకుండా పట్టి ఉంచే గైడ్ ఉంటే చాలు. నేను ప్లేటు దాకా వెళ్లేది అరుదు. పదును కాస్త తగ్గిందనిపించగానే డైమండ్ పేస్ట్ రాసిన తోలు పట్టీ మీద నాలుగుసార్లు లాగుతాను. దాంతో బ్లేడు వెడల్పు దాదాపు కొత్తదానిలాగే ఉంది. పాత చాకు కొనేటప్పుడు నేను ముందు చూసేదీ ఇదే: వాదర రెండు వైపులా ఒకే వెడల్పులో ఉందా, మొన గుండ్రబడిందా, పిడి దగ్గర బ్లేడు లోపలికి అరిగి గుంత పడిందా?

మొనతో డబ్బా మూతలు ఎత్తడం, స్క్రూలు తిప్పడం అసలు వద్దు. విరిగిన మొనను సరిచేయాలంటే బ్లేడునే పొట్టి చేయాలి. అలాంటి పనులకు స్క్రూడ్రైవర్ ఉన్న విక్టోరినాక్స్ స్విస్ చాకు ఒకటి వెంట ఉంచుకుంటాను. పండ్లకు ఒపినెల్ నంబర్ 8 అనే ఫ్రెంచి మడత చాకు. అది కార్బన్ ఉక్కు, పులుపు తగిలి బూడిదరంగుకు తిరిగింది. దాన్ని అమ్మే ఆలోచన ఎవరికీ రాదు కాబట్టి మనసు తేలిక. కానీ 1095 అనే కార్బన్ ఉక్కుతో చేసే అమెరికా కంపెనీ గ్రేట్ ఈస్టర్న్ చాకుల సంగతి వేరు. వాటి బ్లేడు మీద రంగు తిరిగిందంటే సేకర్తలు వెంటనే ధర తగ్గించి అడుగుతారు. అమ్మే ఉద్దేశంతో కొంటే వాటితో ఒక్క నిమ్మకాయ కూడా కోయకండి.

సెబెంజాలో తెరిచిన బ్లేడును పిడిలోని ఒక భాగమే ఆపి ఉంచుతుంది, దాన్నే ఫ్రేమ్ లాక్ అంటారు. ఇలాంటి చాకును మణికట్టు విదిల్చి టపాటపా తెరవడం నాకు నచ్చదు. లాక్ బ్లేడును తాకే చోట అరుగుదల అలాగే పెరుగుతుంది. బొటనవేలితో నెమ్మదిగా తెరిస్తే ఈ చాకు ఎంత నున్నగా కదులుతుందో తెలుస్తుంది, ఆ హాయి కోసమే దీన్ని కొనాలి! విప్పి శుభ్రం చేసుకోవడానికి స్క్రూలు తిప్పే అలెన్ కీలు చాకుతోపాటు కంపెనీయే ఇచ్చేది. సరైన సైజుదే వాడండి. స్క్రూ తల చెడిందంటే మొరటు చేతుల్లో పడిందని కొనేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. పెట్టె, కార్డు, అలెన్ కీలు ఒకేచోట భద్రపరచండి.

అమ్మాల్సి వస్తే సాన పట్టిన సంగతి ముందే చెప్పండి. వాదర రెండు వైపులా, లాక్ ఆనే చోటు, మూసినప్పుడు బ్లేడు మధ్యలో నిలిచే తీరు, ఈ ఫోటోలు వెలుతురులో దగ్గరగా తీసి పెడితే బేరమాడటం సగం తగ్గుతుంది.