రేడియోపీడియా: రెండేళ్లు క్లాసులో వాడాక

ఫైనలియర్ ఎంబీబీఎస్ విద్యార్థులకు జనరల్ మెడిసిన్ క్లినిక్స్ చెప్పేటప్పుడు రెండేళ్లుగా నేను రేడియోపీడియాను వాడుతున్నాను. మెల్‌బోర్న్‌కు చెందిన న్యూరోరేడియాలజిస్టు ఫ్రాంక్ గైలార్డ్ 2005లో మొదలుపెట్టిన ఈ వెబ్‌సైటులో పలు దేశాల వైద్యులు రోగి ఎవరో తెలియకుండా ఎక్కించిన ఎక్స్-రేలు, సీటీలు, ఎంఆర్ఐలు కేసుల రూపంలో ఉంటాయి. వాటిని చూడటానికి రూపాయి కట్టనవసరం లేదు.

పాఠ్యపుస్తకంలో జబ్బు అన్నిటికన్నా బాగా కనిపించే ఒక్క స్లైసును, అంటే స్కాన్‌లోని ఒక్క అడ్డకోత బొమ్మను ఏరి, దాని మీద బాణం గుర్తు పెట్టి అచ్చు వేస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫోటోలదీ అదే తీరు. వార్డులో రోగి తెచ్చే సీటీకి బాణాలుండవు. ఈ సైటులో చాలా కేసులకు స్కాన్ మొత్తం ఉంటుంది కాబట్టి, మౌస్ చక్రం తిప్పుతూ పైనుంచి కిందికి ప్రతి స్లైసూ చూసుకుంటూ జబ్బు ఎక్కడుందో విద్యార్థే వెతుక్కోవాలి. నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం ఇదే.

ఒకసారి మూర్ఛతో వచ్చిన యువకుడి కేసు పెట్టాను. మెదడులో ఉంగరంలా మెరిసే మచ్చ ఒకటి కనిపించగానే క్లాసులో సగం మంది టీబీ గడ్డ అన్నారు, మిగతావారు న్యూరోసిస్టిసర్కోసిస్ (బద్దెపురుగు పిల్ల మెదడులో చేరడం వల్ల వచ్చే జబ్బు) అన్నారు. మన దేశంలో ఈ సందేహం పరీక్ష పేపరుతో తీరిపోయేది కాదు, ఎందుకంటే మొదటిదైతే నెలల తరబడి టీబీ మందులు వాడించాలి, రెండోదైతే దారి పూర్తిగా వేరు. మచ్చ 20 మిల్లీమీటర్లు దాటి, అంచులు వంకరగా ఉంటే టీబీ వైపు, చిన్నదై నున్నగా ఉంటే సిస్టిసర్కోసిస్ వైపు మొగ్గాలని వాళ్లు చదివే ఉన్నారు. ఎంతసేపూ మాట్లాడని ఒకమ్మాయి లేచి, నాలుగు స్లైసులు వెనక్కి తిప్పించి, ఉంగరం లోపల ఒక పక్కకు ఒరిగి ఉన్న తెల్లని చుక్కను చూపించింది. అది పురుగు తల. బాణం వేసిన బొమ్మ అయితే ఆ వెతుకులాటే ఉండేది కాదు.

నాకు బాగా నచ్చిన మరో అంశం, రోగ నిర్ధారణ ఎంత ఖాయమో కేసు మీదే రాసి ఉండటం. బయాప్సీతో తేలినదానికీ, బొమ్మ చూసి ఊహించినదానికీ తేడా విద్యార్థికి కళ్లెదుటే ఉంటుంది. మా తరానికి ఈ నిజాయితీని ఎవరూ నేర్పలేదు.

లోపాలూ ఉన్నాయి. కేసు పేరులోనే జబ్బు పేరు ఉంటుంది కనుక, నేరుగా తెరిస్తే ఆట అక్కడే ముగిసిపోతుంది. ముందుగానే ప్లేలిస్టుగా పేర్చి, జవాబు కనపడకుండా పెట్టుకోవాలి. అంతకన్నా పెద్ద లోటు, రోగి కథ చాలాసార్లు రెండు లైన్లకు మించదు. జ్వరం ఎన్నాళ్ల నుంచి, పొలంలో ఏ మందు కొట్టాడు, ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా అని అడిగే నేర్పు దీనివల్ల రాదు. చికిత్స తర్వాత ఏమైందో కూడా తరచుగా తెలియదు. అందుకే ప్రతి క్లాసులో మా వార్డు కేసు షీటు ఒకటి పక్కన పెట్టుకుంటాను. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యక్రమం చిన్న గ్రూపుల్లో బోధించమంటోంది. పది మంది కూర్చున్న గదిలో ఈ రెండూ కలిపితే గంట చాలదు.

నెట్ విషయంలో జాగ్రత్త అవసరం. పెద్ద స్కాన్లు లోడ్ కావడానికి సమయం పడుతుంది. మా సెమినార్ హాల్లో ఓసారి ప్రొజెక్టరు మీద చక్రం తిరుగుతూ పావుగంట గడిచిపోయింది. అప్పటి నుంచి క్లాసుకు ముందే అన్ని కేసులూ తెరిచి ఉంచుతున్నాను.

సొంతంగా చదువుకునే విద్యార్థులు మెదడు స్కాన్ల జోలికి వెళ్లకుండా ఛాతీ ఎక్స్-రేలతో మొదలుపెట్టడం మేలు. అయితే ఫోన్‌లో మాత్రం వద్దు. మిలియరీ టీబీలో ఊపిరితిత్తుల నిండా చల్లినట్టుండే ఆవగింజంత చుక్కలు ఆ తెర మీద మామూలు మసకలా కనిపిస్తాయి.