పోటు చూసుకుని బయల్దేరండి: కాకినాడ మడ అడవిలో ఒక పూట

కాకినాడ నుంచి యానాం వైపు 216 జాతీయ రహదారి పట్టుకుని వెళ్తుంటే, జగన్నాథపురం వంతెన దాటాక ఊరు అయిపోయిందో లేదో తేలకముందే ఎడమ చేతి వైపు పచ్చటి గోడ మొదలవుతుంది. అదే మడ అడవి. రేవు, చేపల హార్బరు, ఎరువుల ఫ్యాక్టరీలు ఉన్న నగరానికి అరగంట దూరంలో, బస్సు దిగి నడుచుకుంటూ లోపలికి పోగలిగిన అడవి ఇది. కోరంగి అభయారణ్యంగా 1978లో ప్రకటించారు. మొత్తం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఈ రోడ్డు మీదే ఉన్న చొల్లంగి ఊరి దగ్గర టికెట్ కొని చూసేది అందులో ఒక అంచు మాత్రమే. ఆ అంచునైనా సరిగ్గా చూడాలంటే ఒకటే షరతు: సెలవు చూసుకుని వెళ్లడం చాలదు, పోటు, అంటే సముద్రపు నీరు ఎక్కే వేళ చూసుకుని వెళ్లాలి.

ఎక్కువమంది ఆదివారం పదకొండింటికి చేరుకుంటారు. ఎండలో చెక్కబాట మీద గబగబా నడిచి, బోటు కోసం లైనులో నిలబడి, ‘చెట్లే కదా’ అనుకుంటూ తిరిగొస్తారు. తప్పు అడవిది కాదు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు నడిస్తే వేళ్లూ పీతలూ నీళ్ల కింద ఉంటాయి. నీళ్లు తీసినప్పుడు బోటెక్కితే పక్క పాయల్లోకి పోవడానికి లోతు చాలదు. ఈ రెండూ తారుమారైతే టికెట్ డబ్బులు వృథా అయినట్టే.

లెక్క తేలికే. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు (నీరు దిగే వేళలు). ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు పడుతుంది. అందుకని ఇవాళ్టి వేళ రేపటికి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. వారం తిరిగేసరికి వేళలు తలకిందులవుతాయి. అమావాస్య నాడు పొద్దున ఏ వేళకు నిండు పోటు ఉంటుందో, అష్టమి నాడు దాదాపు ఆ వేళకే పాటు ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి ముందూ వెనకా ఎక్కీ ఎక్కనట్టు ఉంటుంది. ఫోన్లో ఏ టైడ్ యాప్‌లోనైనా కాకినాడ పేరు పెట్టి చూస్తే వేళలు వస్తాయి. అవి సముద్రం దగ్గరి వేళలు. పాయల లోపలికి నీరు చేరడానికి ఇంకాస్త సేపు పడుతుంది, ఆ తేడా మనసులో ఉంచుకోండి.

పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య పాటు పడే రోజు దొరికితే అంతకన్నా మంచి రోజు లేదు. గేటు తెరవగానే లోపలికి వెళ్లి, బురద బయటపడి ఉన్నప్పుడే గంటన్నర తీరిగ్గా నడవండి. పదకొండున్నరకల్లా నీరు సగం ఎక్కుతుంది. అప్పుడు రేవు దగ్గరికి చేరి బోటు ఎక్కండి. అలాంటి రోజు కుదరకపోతే, రెండిట్లో నడకకే పాటు వేళను కేటాయించి బోటు మానుకోండి. ఈ అడవి సంగతి తెలిసేది నడకలోనే.

నడిచేది చెక్కబాట మీద. పలకల మధ్య సందులుంటాయి, మడమ ఎత్తు చెప్పులు వేసుకున్నవాళ్లకు తిప్పలు తప్పవు. వానాకాలంలోనూ, మంచు కురిసిన పొద్దుల్లోనూ పలకల మీద పాచి జారుతుంది, కాబట్టి అడుగున గాడులున్న బూట్లు వేసుకోవాలి. ఫోన్ సందులోంచి జారితే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. బాట దిగి బురదలోకి పోవద్దు. మోకాలి లోతున దిగబడతారు, పైగా అడుగడుగునా నిలబడి ఉన్న ఊపిరి వేళ్లు విరుగుతాయి.

ఆ వేళ్ల దగ్గర ఆగండి. నేలలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉన్నవి తెల్లమడ, నల్లమడ చెట్లవి. అడుగున బురదలో గాలి ఆడదు, కాబట్టి చెట్టు తన వేళ్లను పైకి పంపి, వాటి బెరడు మీది చిన్న రంధ్రాలతో గాలి తీసుకుంటుంది. పోటు వేళ మునుగుతాయి, పాటు వేళ ఊపిరి పీల్చుకుంటాయి. ఉప్పుపొన్నది వేరే పద్ధతి. మాను నుంచే వేళ్లు విల్లులా వంగి బురదలో దిగి, చెట్టును నలువైపులా ఊతకర్రల్లాగా నిలబెడతాయి. దాని కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి పచ్చని కడ్డీలా వేలాడుతుంది. రాలితే బురదలో గుచ్చుకుని అక్కడే నాటుకోవచ్చు, నీళ్లుంటే తేలుతూ పోయి ఇంకోచోట నాటుకోవచ్చు. మడ ఆకును ఎండ వేళ దగ్గరగా చూస్తే సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తాయి. వేళ్లతో లోపలికొచ్చిన ఉప్పును ఆకు గ్రంథులతో బయటికి నెట్టేస్తుంది మరి. పిల్లలకు ఆకు తుంచి ఇవ్వకండి, చెట్టు మీది ఆకునే వేలితో తాకించి రుచి చూపించండి, చాలు. అలా తాకించే ముందు అది మడ ఆకేనా కాదా అన్నది నిక్కచ్చిగా తెలియాలి. ఎందుకంటే పక్కనే తిల్ల చెట్లుంటాయి. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది. అనుమానం ఉన్న చెట్టు జోలికి పోవద్దు.

బాట పక్కన కొన్నిచోట్ల పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు, చేపముల్లు అమరికలో తవ్వి కనిపిస్తే వాటిని మురుగు కాలువలనుకోకండి. మడ చెట్లు కొట్టేసిన చోట నేల ఎండి కుంగి తొట్టిలా అవుతుంది. పోటు నీరు అందులోకి వచ్చి తిరిగి పోలేక నిలిచిపోతుంది, ఎండకు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఏడాదికేడాది ఉప్పు పేరుకుని చివరికి మడ మొక్క కూడా బతకదు. కాలువ తవ్వితే పోటుకు నీరు వస్తుంది, పాటుకు పోతుంది, ఉప్పు కడుక్కుపోతుంది, మొక్కలు నిలబడతాయి. అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ గోదావరి మడ అడవుల్లో ఈ పద్ధతిలోనే బీడుపడిన భూముల్ని మళ్లీ పచ్చగా చేశాయి. ఎత్తైన చెట్ల మధ్య ఒకే వయసు, ఒకే ఎత్తున వరుసగా ఉన్న చెట్లు కనిపిస్తే అవి చాలావరకు మనుషులు నాటినవే.

బురద మీద కదిలేవాటికోసం బాట మీద అలికిడి లేకుండా ఐదు నిమిషాలు నిలబడాలి. నీడ కదిలితే చాలు, పీతలు బొరియల్లోకి పోతాయి. కదలకుండా ఉంటే ఒక్కొక్కటే బయటికొస్తాయి. వాటిలో ఫిడ్లర్ పీతల్లో మగదానికి ఒక డెక్క ఒంటికి మించి పెద్దగా ఉంటుంది, దాన్ని పైకి కిందికి ఊపుతూ ఆడ పీతను పిలుస్తుంది. రెక్కల మీద పాకుతూ, గెంతుతూ పోయేవి మడ్‌స్కిప్పర్లు. చేపలే అయినా ఒళ్లు తడిగా ఉన్నంతసేపు ఒడ్డున బతుకుతాయి. లకుముకి పిట్టలు, నీటికాకులు, కొంగలు సరేసరి. బావురుపిల్లి, నీటికుక్కలు ఈ అడవికి గర్వకారణం. కానీ బావురుపిల్లి తిరిగేది రాత్రిళ్లు. పగటి పూట టికెట్‌తో చూపిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. బురద మీద అడుగుల జాడ కనిపించినా అదృష్టమే.

ఇక్కడ మనసు చివుక్కుమనిపించేది ఒకటుంది. ఊరి ప్లాస్టిక్ పోటు నీటితో కలిసి లోపలికొచ్చి, పాటు వేళ ఊపిరి వేళ్లకు చిక్కుకుని ఉండిపోతుంది. వేళ్ల మీద కవరు చుట్టుకుంటే గాలి అందదు, చిన్న మొక్కయితే ఆ బరువుకే వంగి చచ్చిపోతుంది. కార్తీక మాసం వనభోజనాలప్పుడు ఈ బెడద మరీ ఎక్కువ. నీళ్లకు స్టీలు సీసా తెచ్చుకోండి, చిప్స్ ప్యాకెట్లు కారులోనే వదిలేయండి.

బోటు సంగతి. డబ్బు కట్టకముందే మూడు ప్రశ్నలు అడగాలి: ఎక్కడిదాకా, ఎంతసేపు, ఎంతమందితో. నీరు తక్కువున్నప్పుడు బోటు పెద్ద పాయలోనే వెళ్లి తిరిగొస్తుంది, అది పాయ వెడల్పు చూసి రావడమే. నీరు ఎక్కాక అయితే కొమ్మలు తల మీదికి వంగే సన్న పాయల్లోకి పోవచ్చు, డబ్బు పెట్టవలసింది దానికే. లైఫ్ జాకెట్ వేసుకుంటే చాలదు, బకిల్ పెట్టి పట్టీ బిగించాలి. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ తగిలిస్తే నీళ్లలో తల మీంచి ఊడిపోతుంది, పిల్లల సైజు అడిగి తీసుకోండి. లేకపోతే పిల్లలతో ఎక్కొద్దు. తుపాను హెచ్చరిక ఉన్నా, గాలి పెద్దగా ఉన్నా బోట్లు ఆపేస్తారు, అక్కడ వాదించి ప్రయోజనం లేదు. చేతిలో నోట్లు, చిల్లర ఉంచుకోండి, చెట్ల మధ్య సిగ్నల్ నిలకడగా ఉండదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వలస పక్షులూ అప్పుడే ఉంటాయి. ఆగస్టులో గోదావరికి ఎర్రనీరు వస్తే పాయలన్నీ రంగు మారతాయి, అదో అందం, కాకపోతే వాన ముసురులో దోమలూ కుట్టే సన్న పురుగులూ నిలవనివ్వవు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత భరించడం కష్టం. పుష్య బహుళ అమావాస్య, అదే చొల్లంగి అమావాస్య నాడు సముద్ర స్నానాలకు వచ్చే జనంతో ఈ రోడ్డంతా కిటకిటలాడుతుంది. స్నానం కోసమైతే రండి, అడవి కోసమైతే ఆ రోజు వద్దు.

పక్షుల మీదే ఇష్టం ఉన్నవాళ్లకు చొల్లంగి కంటే నగరంలోనే ఉన్న కుంభాభిషేకం అనే తీరప్రాంతం మేలు. చేపల హార్బరు వైపు, పాటు వేళ విశాలంగా బయటపడే బురద మైదానాల మీద చలికాలంలో ఉల్లంకి పిట్టల గుంపులు దిగుతాయి. టికెట్ లేదు, నీడ లేదు, ఎండు చేపల వాసన ఉంటుంది. మరీ పాటులో పక్షులు దూరంగా నీటి అంచున ఉంటాయి. పోటు మొదలై నీరు వాటిని ఒడ్డుకు తరిమే గంట కోసం కాచుకోవాలి. బైనాక్యులర్ లేకుండా వెళ్తే చుక్కలే కనిపిస్తాయి.

బసకు కాకినాడే సరైనది. భానుగుడి, మెయిన్ రోడ్డు చుట్టుపక్కల అన్ని ధరల్లో గదులున్నాయి. ఆర్టీసీ కాంప్లెక్స్‌కు ఆనుకున్న లాడ్జీలో దిగితే హారన్ల మోతకు నిద్ర ఉండదు, లోపలి వీధి వైపు గది అడగండి. యానాం కూడా దగ్గరే, గౌతమి గట్టు మీద సాయంత్రం హాయిగా ఉంటుంది. పుదుచ్చేరి పాలన కిందిది కావడంతో మందు కోసం వచ్చే జనం వారాంతాల్లో ఎక్కువ, కుటుంబంతో అయితే మామూలు రోజుల్లో దిగడం నయం. దిండి రిసార్టులో బస, కోరంగి అడవి ఒకే రోజులో పెట్టుకోకండి. అది వశిష్ఠ ఒడ్డున, కోనసీమకు ఆ చివర. రెండు గంటలకు పైగా రోడ్డు మీదే పోతుంది, పోటు వేళ తప్పిపోతుంది. రాజమండ్రి నుంచి పొద్దున్నే వచ్చేవాళ్లకూ ఇదే చిక్కు.

రైల్లో వచ్చేవాళ్లకు గౌతమి ఎక్స్‌ప్రెస్ కాకినాడలోనే దింపుతుంది. విశాఖ, విజయవాడ మధ్య తిరిగే చాలా బండ్లకు సామర్లకోట దిగి బస్సెక్కాలి. కాంప్లెక్స్ నుంచి యానాం బస్సులు, యానాం మీదుగా పోయే అమలాపురం బస్సులు చొల్లంగి మీదుగానే పోతాయి. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మడ అడవి దగ్గర ఆపుతారో లేదో కండక్టర్‌ను టికెట్ కొట్టకముందే అడగండి, ఆర్డినరీ అయితే ఆ బెంగ లేదు. తిరుగు ప్రయాణానికి జగన్నాథపురం దాకా షేర్ ఆటోలు దొరుకుతాయి. భోజనం నగరానికి వచ్చాకే. సుబ్బయ్య గారి హోటల్ భోజనానికి మధ్యాహ్నం జనం ఎక్కువ, కాస్త ఆలస్యంగా వెళ్తే తీరిగ్గా తినొచ్చు. కాజా కొనేటప్పుడు ఊరెళ్లేదాకా నిలవ ఉండాలంటే ఆ రోజు చేసిందే అడిగి తీసుకోండి.

హోప్ ఐలాండ్ గురించి చాలామంది అడుగుతారు. కాకినాడ అఖాతానికి అడ్డుగా ఉన్న ఇసుక దిబ్బ అది, రేవును పెద్ద అలల నుంచి కాపాడుతున్నది అదే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక కూడా. అనుమతి ఉన్న బోటులో, పొద్దున్నే పోతేనే మంచిది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక అఖాతంలో నీళ్లు ఎగిరి బోటు తూగుతుంది, పడనివాళ్లకు వాంతులవుతాయి. అఖాతం లోతు తక్కువ, కాబట్టి పాటు వేళ తిరిగి బయల్దేరితే బోటు ఇసుక తట్టి పోటు దాకా ఆగిపోవచ్చు. దీవి మీద నీడా మంచినీళ్లూ దొరుకుతాయనుకోకండి. మనిషికి మూడు లీటర్లు తీసుకెళ్లండి, తాబేళ్ల కాలంలో ఇసుక మీద కంప కట్టిన చోటు తొక్కకండి. మత్స్యకారుల పడవ వాళ్లు తక్కువకు తీసుకెళ్తామన్నా వద్దు. జాకెట్లు ఉండవు, మధ్యలో ఇంజను ఆగితే వెతకడానికి ఎవరికీ కబురు ఉండదు. అనుమతి బోటు ఆ రోజు లేదంటే ఆ పూట కుంభాభిషేకానికి ఇవ్వండి, పోటు ఎన్నింటికో ఎలాగూ చూసుకునే ఉంటారు కదా.